పూటకూళ్లమ్మల ఫ్రాన్సు

ఫ్రెంచి వంట అనగానే చాలామందికి గుర్తొచ్చేది పొడవాటి తెల్ల టోపీ పెట్టుకున్న వంటవాడు, ప్యారిస్‌లో ఒక ఖరీదైన హోటలు, నోరు తిరగని పేర్లతో అచ్చువేసిన పట్టిక. ఆ వంట నిజమే. రాజుల కొలువుల్లో, జమీందార్ల కోటల్లో పెరిగి నగరానికి చేరిన వంట అది. దానికి పుస్తకాలున్నాయి, సూత్రాలున్నాయి, బిరుదులున్నాయి. కానీ ఫ్రాన్సులో ఇంకో వంట ఉంది. ఊరూరా బాటల పక్కన, సత్రాల్లో, ఒకే కుంపటి మీద పుట్టిన వంట. దాన్ని వండినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. బడికి సరిగ్గా వెళ్లని వాళ్లు, పుస్తకం చూసి వండటం తెలియని వాళ్లు. మన పూటకూళ్లమ్మల వంటివాళ్లే. ఓరుగల్లులో రూక చేతిలో పెడితే కడుపునిండా భోజనం పెట్టిన పూటకూటింటి ముచ్చట క్రీడాభిరామంలో ఉంది కదా. అలాంటి ఇళ్లు ఫ్రాన్సులో ప్రతి బాట మీదా ఉండేవి. ఇవాళ ప్రపంచమంతా మెచ్చుకునే ఫ్రెంచి ప్రాంతీయ వంటకాలకు పేరు తెచ్చింది ఆ ఇళ్లే. వాటి కథ ఇవాళ చెప్పుకుందాం.

రైళ్లు రాకముందు ప్రయాణమంటే గుర్రపు బండే. కొంత దూరానికొక మజిలీ. అక్కడ అలసిన గుర్రాలను విప్పి కొత్తవాటిని కడతారు. పక్కనే సత్రం. దాన్ని ఫ్రెంచివాళ్లు 'ఓబెర్జ్' అంటారు. పడుకోవడానికి మంచం, చలి కాచుకోవడానికి పొయ్యి, తినడానికి ఒక పొడవాటి బల్ల. భోజనానికి వేళ ఒకటే. వర్తకుడైనా, పాదిరీ అయినా, సిపాయి అయినా ఆ బల్ల చుట్టూ సర్దుకుని కూర్చోవాల్సిందే. ఆ పూట ఏం వండితే అది తినాల్సిందే. మీకేం కావాలని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ నిపుణుడు 1787 నుంచి మూడేళ్లపాటు ఫ్రాన్సు పల్లెలన్నీ తిరిగాడు. అక్కడి సత్రాల మురికిని, విరిగిన తలుపులను, గాలి దూరే కిటికీలను తిట్టిపోశాడు. అంత తిట్టినవాడూ రెండు విషయాల్లో ఓటమి ఒప్పుకున్నాడు. తిండి విషయంలో, పరుపు విషయంలో ఫ్రాన్సు సత్రాలు తమ దేశపు సత్రాల కంటే మేలన్నాడు.

తిండి ఎందుకు బాగుండేది? సత్రం ఇల్లాలికి దూరం నుంచి సరుకు తెప్పించుకునే దారి లేదు. పెరట్లో కోళ్లు, ఎదురుగా వాగులో చేపలు, ఊళ్లో పాలు, పక్క కొండ మీద ద్రాక్ష. ఉన్నవాటితోనే రోజూ వండాలి. బండి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి కుండ పొయ్యి మీద నిదానంగా ఉడుకుతూనే ఉండాలి. రోజూ అదే కూర, ఏళ్ల తరబడి అదే చేయి. అలా చేయగా చేయగా ఆ కూరలో పొల్లు పోయి, గట్టి సారం మిగిలింది.

ఫ్రాన్సు పటం తీసుకుని, ఏ ప్రాంతంలో దేనితో వండుతారో రంగులు వేస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. ఉత్తరాన, పడమర తీరాన పచ్చిక ఎక్కువ, ఆవులు ఎక్కువ. నార్మండీలో అన్నిటికీ వెన్న, మీగడ. నైరుతిన బాతులు, పెద్దబాతులు పెంచుతారు కాబట్టి అక్కడ వాటి కొవ్వుతోనే వంట. మధ్యధరా సముద్రం ఒడ్డున ప్రొవాన్స్‌లో ఆలివ్ నూనె. తూర్పున ఆల్సాస్‌లో పంది కొవ్వు. దేశం ఒకటే అయినా పొయ్యి పొయ్యికీ వాసన మారిపోతుంది.

కొన్ని వంటకాల పుట్టుక చూడండి. ఆల్సాస్‌లో సోమవారం బట్టలుతికే రోజు. ఇంటావిడ పొద్దంతా చాకిరేవులో ఉంటే వంట ఎవరు చేస్తారు? ముందురోజు రాత్రే గొడ్డు, గొర్రె, పంది మాంసాలను తెల్ల ద్రాక్షసారాలో నానబెట్టేది. పొద్దున్నే బంగాళాదుంపలు, ఉల్లిపాయలు పొరలు పొరలుగా పేర్చి, మట్టి పాత్ర మూతకు పిండి మెత్తి, రేవుకు పోతూ పోతూ రొట్టెల దుకాణంలో ఇచ్చేది. రొట్టెలు కాలిపోయాక ఆ బట్టీలో మిగిలిన వేడికి అది గంటల తరబడి మగ్గేది. తిరిగొచ్చేసరికి కూర సిద్ధం. దాని పేరు బేకెయోఫ. దానికి వాడే పూలపూల మట్టి పాత్రలను ఇప్పటికీ సుఫ్లెన్‌హైమ్ అనే ఊళ్లో కుమ్మరులు చేస్తున్నారు.

నైరుతిన కాస్తెల్నోదారి దగ్గర కాసులె అనే వంటకం ఉంది. తెల్ల చిక్కుడు గింజలు, కొవ్వులో నిలవబెట్టిన బాతు మాంసం, పంది మాంసం, సాసేజీ కలిపి వెడల్పు మూతి మట్టి పాత్రలో గంటల తరబడి మగ్గిస్తారు. పైన కట్టిన మీగడలాంటి పొరను మళ్లీ మళ్లీ లోపలికి అణుస్తారు. అసలైన కాసులె మాదంటే మాదని మూడు ఊళ్లు కొట్లాడుకుంటాయి. ప్రాస్పర్ మోంతాన్యే అనే వంట పండితుడు ఆ తగవు తీర్చబోయి, తండ్రి కాస్తెల్నోదారిది, కొడుకు కార్కసోన్‌ది, పరిశుద్ధాత్మ తులూజ్‌ది అని క్రైస్తవ త్రిత్వాన్ని పంచిపెట్టాడు. తగవు ఇప్పటికీ తీరలేదు. ప్యారిస్‌లో క్లెమాన్స్ అనే పూటకూళ్లమ్మ కాసులె పాత్ర ఇరవై ఏళ్లుగా పొయ్యి దిగలేదని రచయిత అనతోల్ ఫ్రాన్స్ ఒక నవలలో ముచ్చటగా రాశాడు. రోజూ కొంచెం సరుకు కలపడమే తప్ప, కుండ మాత్రం అదే.

ఇక పేరున్న మనుషుల దగ్గరకు వద్దాం. నార్మండీ తీరంలో సముద్రం మధ్య ఒక రాతి గుట్ట, దాని మీద మఠం. పేరు మోన్ సాన్ మిషెల్. అక్కడ సముద్రపు ఆటుపోట్ల మధ్య తేడా పధ్నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. గట్టు మీద నుంచి గుట్టకు కట్ట వేసింది 1879లో. అంతకుముందు యాత్రికులు నీళ్లు తగ్గినప్పుడే ఇసుక మీద నడిచి రావాలి, పోటు రాకముందే తిరిగి వెళ్లాలి. ఎప్పుడు వస్తారో, ఎంతమంది వస్తారో ముందుగా చెప్పలేం. వచ్చేవాళ్లు మాత్రం నకనకలాడే ఆకలితో వస్తారు.

మఠానికి మరమ్మతులు చేయించడానికి వచ్చిన ఎడ్వార్ కొరోయే అనే వాస్తుశిల్పి ఇంట్లో పనిమనిషిగా ఆ గుట్ట మీదకు వచ్చింది అనెట్ అనే అమ్మాయి. 1873లో అక్కడి రొట్టెలవాడి కొడుకు విక్టర్ పులార్‌ను పెళ్లాడింది. మొగుడూ పెళ్లాం సత్రం పెట్టారు. గొర్రె మాంసం, కోడి వేపుడు తయారయ్యేదాకా ఆకలిగొన్నవాళ్లను కూర్చోబెట్టడం ఎలా? అనెట్ పులార్ గుడ్లను రాగి గిన్నెలో బాగా నురగ వచ్చేదాకా గిలకొట్టి, పొడవాటి కాడ ఉన్న పెనంలో వెన్న వేసి, కట్టెల మంట మీద ఆమ్లెట్ వేసి ముందు పెట్టేసేది. ఆ ఆమ్లెట్ దేశమంతా ప్రసిద్ధమైంది. అందులో ఏం కలుపుతుందోనని పెద్ద పెద్ద వంటవాళ్లు తలలు పట్టుకున్నారు. 1922లో ఒకాయన ఉత్తరం రాసి అడిగితే ఆమె జవాబిచ్చింది. మంచి గుడ్లు పగలగొట్టి బాగా గిలకొడతాను, పెనంలో మంచి వెన్న ముక్క వేస్తాను, గుడ్లు పోసి పెనాన్ని ఆపకుండా కదుపుతాను, ఇంతేనని ఆ జవాబు సారాంశం. దాచిందేమీ లేదు. అంతమందికి అన్ని వేల సార్లు వేసిన చేతికి తప్ప మరొకరికి ఆ ఇంతే చాలదు.

ఇప్పుడు లియోన్ నగరానికి వెళదాం. రోన్, సోన్ అనే రెండు నదులు కలిసే చోటు అది. పట్టు నేతకు పెట్టింది పేరు. ఈశాన్యాన బ్రెస్ సీమలో కోళ్లు, దోంబ్ సీమలో చేపల చెరువులు, వాయవ్యాన షరోలే పశువులు, ఉత్తరాన బోజొలే ద్రాక్షతోటలు. నలుదిక్కుల నుంచీ సరుకు దిగే బజారు. తెల్లవారకముందే మగ్గం ఎక్కిన నేతపనివాళ్లకు పొద్దున్నే గట్టి తిండి కావాలి. సాసేజీలు, పొట్టపేగుల వేపుడు, ఉల్లికాడ తరిగి కలిపి గిలకొట్టిన తాజా జున్ను, ఒక కూజా ద్రాక్షసారా. ఇలాంటివి పెట్టే చిన్న చిన్న దుకాణాలు ప్రతి వీధిలోనూ ఉండేవి.

ఆ ఊళ్లో పట్టు వ్యాపారుల ఇళ్లలో వంట చేసిన ఆడవాళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి ఒక్కొక్కరే బయటికొచ్చి సొంత భోజనశాలలు పెట్టుకున్నారు. ఊరు వాళ్లను 'మేర్' అని పిలిచింది, అంటే అమ్మ అని. వాళ్లలో ఫ్రాన్స్వాజ్ ఫిల్యూ పేరు మొదట చెప్పాలి. ఓవెర్న్ కొండల నుంచి వచ్చిన మనిషి. ఆమె దగ్గర పట్టిక లేదు. ఏ రోజు వెళ్లినా దాదాపు అవే వంటకాలు. అందులో మేటి కోడి. లేత బ్రెస్ కోడి చర్మం కింద ట్రఫుల్ అనే నల్ల పుట్టగొడుగు బిళ్లలు జొనిపి, గుడ్డలో చుట్టి, క్యారెట్టు, ఉల్లికాడలు వేసిన చారులో మెల్లగా ఉడికిస్తారు. తెల్లటి చర్మం కింద నల్లటి బిళ్లలు కనబడతాయి. కల్లుప్పు, ఆవ ముద్ద, ఊరవేసిన దోసకాయలతో వడ్డిస్తారు. ఫిల్యూ అమ్మ చిన్న చాకు పట్టుకుని బల్ల బల్ల దగ్గరకూ వచ్చి స్వయంగా కోడిని కోసి పెట్టేది. పైక్ అనే మంచినీటి చేపకు సన్న ముళ్లు విపరీతం. దాన్ని దంచి, జల్లెడ పట్టి, గుడ్లు, వెన్న కలిపి ఉండ్రాళ్లలా ఉడికించే కెనెల్ కూడా ఆమె బల్ల మీద ఉండేది. తినడానికి చిరాకు పుట్టించే చేపను ఊరికి ఇష్టమైన వంటకంగా మార్చిన తెలివి లియోన్ వంటింటిది.

ఫిల్యూ దగ్గర పని నేర్చుకున్న యూజెనీ బ్రాజియే జీవితం వింటే, ఈ వంట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. బూర్గ్ పట్టణం దగ్గర పల్లెలో 1895లో పుట్టింది. పదేళ్లకే తల్లి పోయింది. పరాయి పొలాల్లో పందులు కాసింది, ఆవులు మేపింది. పంతొమ్మిదేళ్లకు పెళ్లి కాకుండానే కొడుకు పుట్టాడు. తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. లియోన్‌లో ఒక సేమ్యా వ్యాపారుల ఇంట్లో పనికి కుదిరింది, అక్కడే వంట చేతికొచ్చింది. 1921లో రాయల్ వీధిలో ఒక చిన్న కిరాణా కొట్టును కొని భోజనశాలగా మార్చింది. రోజంతా ఆమె పొయ్యి దగ్గరే. సరుకు విషయంలో మహా పట్టుదల. కోళ్లకు ఈకముక్క మిగిలినా వెనక్కి పంపేది. ఇక మీ కోసం కోళ్లకు గోళ్లు కూడా కత్తిరించి రంగు వేయాలేమోనని వర్తకుడు విసుక్కున్నాడని ఒక ముచ్చట ఉంది. ఊరి మేయరు ఎడ్వార్ ఎరియో, తర్వాత దేశ ప్రధాని కూడా అయిన మనిషి, ఆమె ఇంటి ఆస్థాన అతిథి.

పని భారంతో ఆరోగ్యం చెడితే, విశ్రాంతి కోసం ఊరి బయట లూయెర్ కనుమ మీద ఒక కొయ్య ఇంటికి వెళ్లింది. గ్యాసు లేదు, కరెంటు లేదు. విశ్రాంతికని వెళ్లిన చోట కూడా వంట మానలేదు. తిన్నవాళ్లు వెతుక్కుంటూ కొండెక్కారు. 1933లో మిషెలిన్ గైడు ఆమె రెండు భోజనశాలలకూ మూడేసి నక్షత్రాలు ఇచ్చింది. ఒకే మనిషికి ఒకేసారి ఆరు నక్షత్రాలు అంతకుముందు ఎవరికీ రాలేదు. తర్వాత కూడా అరవై అయిదేళ్లపాటు, అలెన్ ద్యుకాస్ దాన్ని అందుకునేదాకా, ఎవరికీ రాలేదు. పందులు కాసిన పిల్ల, పెళ్లికాని తల్లి, దేశపు పెద్ద వంటవాళ్లందరి కంటే ముందు నిలబడింది.

ఇంతకీ ఈ నక్షత్రాలిచ్చే మిషెలిన్ ఎవరు? మోటారు టైర్లు చేసే కంపెనీ. 1900లో ఫ్రాన్సు మొత్తానికి మూడు వేల కార్లు కూడా లేవు. జనం కార్లలో ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి, అప్పుడే కొత్తవి అమ్ముడుపోతాయి. అందుకని ఎక్కడ పెట్రోలు దొరుకుతుంది, ఎక్కడ బస దొరుకుతుంది అని ఒక చిన్న పుస్తకం వేసి ఊరికే పంచారు. 1926 నుంచి మంచి భోజనానికి నక్షత్రం వేయడం మొదలుపెట్టారు. తర్వాత రెండు, మూడు నక్షత్రాలు వచ్చాయి. వాటి అర్థం కూడా బాటసారి భాషలోనే ఉంటుంది. రెండు నక్షత్రాలుంటే దారి మళ్లి వెళ్లదగిన చోటు. మూడుంటే ఆ భోజనం కోసమే ప్రయాణం కట్టదగిన చోటు.

అదే రోజుల్లో కుర్నోన్స్కీ అనే కలం పేరున్న పత్రికా రచయిత, మార్సెల్ రూఫ్ అనే మిత్రుడితో కలిసి ఊరూరా తిరిగి, ఏ ప్రాంతంలో ఏం తినాలో సంపుటాల మీద సంపుటాలు రాశాడు. పదార్థానికి దాని రుచే ఉండాలి, అలంకారం దాన్ని మింగకూడదు అని ఆయన వాదం. 1927లో భోజనప్రియులు ఆయనను తమ రాకుమారుడిగా ఎన్నుకున్నారు. ప్యారిస్ పెద్దమనుషులు కార్లెక్కి, దుమ్ము కొట్టుకుంటూ పల్లెటూరి సత్రాల ముందు దిగడం మొదలైంది. వోనా అనే ఊళ్లో గురువారం సంతకు వచ్చే కోళ్ల, గుడ్ల వర్తకులకు భోజనం పెట్టే ఒక కుటుంబం ఉండేది. ఆ ఇంటి కోడలు ఎలీజా బ్లాన్ మీగడలో వండే కోడి, బంగాళాదుంప అట్లు తిని, ప్రపంచంలోకెల్లా ఉత్తమ వంటమనిషి ఈమేనని కుర్నోన్స్కీ తేల్చేశాడు. ఆమె కోళ్లు కూడా మామూలువి కావు. బ్రెస్ కోడికి జుట్టు ఎరుపు, ఈక తెలుపు, కాళ్లు నీలం, అచ్చం ఆ దేశపు జెండా. ఒక్కో కోడికి కనీసం పది చదరపు మీటర్ల పచ్చిక ఉండాలని, మొక్కజొన్న, పాలు పెట్టి పెంచాలని చట్టమే ఉంది. 1957 నుంచి ఆ పేరుకు చట్టపరమైన రక్షణ వచ్చింది.

1936లో ఫ్రాన్సు కార్మికులకు జీతంతో రెండు వారాల సెలవు దక్కింది. సామాన్యులు కూడా దక్షిణాది సముద్రానికి దారి పట్టారు. దాంతో హైవేల మీది సత్రాలకు కొత్త కాలం వచ్చింది. ప్యారిస్ నుంచి లియోన్ పోయే ఆరో నంబరు జాతీయ రహదారి మీద సోలియు అనే చిన్న ఊళ్లో అలెగ్జాందర్ ద్యుమేన్ దాదాపు ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ముందు గదిలో అతిథులను చూసుకున్నది ఆయన భార్య జాన్. బర్గండీ ద్రాక్షసారాలో ఉడికిన కోడిపుంజు కూర కోసం అక్కడ కార్లు ఆగేవి.

అందరికీ తెలిసిన తాతాన్ అక్కచెల్లెళ్ల కథ కూడా చెప్పాలి. సొలోన్ అడవి సీమలో, లామోత్ బవ్రోన్ రైలు స్టేషన్‌కు ఎదురుగా వాళ్ల హోటలు. వేటగాళ్ల రద్దీలో అక్క స్టెఫానీ యాపిల్ రొట్టెను తలకిందులుగా చేసేసిందని, అలా పొరపాటున వాళ్ల పేరుతో పిలిచే మిఠాయి పుట్టిందని చెబుతారు. నేనైతే నమ్మను. యాపిల్స్‌ను చక్కెర పాకంలో మగ్గించి, పైన పిండి రొట్టె కప్పి కాల్చి బోర్లించే పద్ధతి ఆ సీమలో వాళ్లకంటే ముందే ఉంది. అక్కచెల్లెళ్ల గొప్పతనం దాన్ని కనిపెట్టడంలో లేదు. రైలు దిగినవాళ్లందరికీ ఏళ్లపాటు తప్పకుండా అదే రుచితో పెట్టడంలో ఉంది. పొరపాటు కథ వినడానికి బాగుంటుంది గానీ, అది వాళ్ల పనితనాన్ని అదృష్టం ఖాతాలో వేస్తుంది. మగ వంటవాడి వంటకానికి ఇలాంటి కథ కట్టడం చాలా అరుదు.

ఈ మాట ఊరికే అనలేదు. 1946లో పాల్ బొకూజ్ అనే కుర్రాడు లూయెర్ కనుమ మీద బ్రాజియే అమ్మ దగ్గర పనికి చేరాడు. ఆవుల పాలు పితికాడు, బట్టలుతికాడు, ఆ తర్వాతే గరిటె పట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచి వంటకు ముఖచిత్రమయ్యాడు. గురువు పేరు చివరిదాకా గౌరవంగా చెప్పుకున్నాడు. కానీ లోకానికి తెలిసింది శిష్యుడి పేరే. 1951 తర్వాత ఫ్రాన్సులో కొత్తగా ఏ ఆడమనిషికీ మూడు నక్షత్రాలు రాలేదు. మళ్లీ 2007లో వాలాన్స్ పట్టణంలో అన్ సోఫీ పిక్‌కు వచ్చాయి. ఆమె ముత్తవ్వ సోఫీ, ఆర్దెష్ కొండల దారిలో 'ఓబెర్జ్ ద్యు పాన్' అనే పల్లె సత్రం నడిపిన మనిషి. ఆ సత్రంలోనే అన్ సోఫీ తాత ఆంద్రే 1934లో మూడు నక్షత్రాలు తెచ్చుకున్నాడు. ఆ తర్వాతే పెద్ద రహదారి మీదకు, వాలాన్స్‌కు మారాడు. నాలుగు తరాల పేరు వెనక మొదటి పొయ్యి ఆ పూటకూళ్లమ్మదే.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి? 2010లో ఫ్రెంచివారి విందు భోజన సంప్రదాయాన్ని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. నాలుగేళ్లకు, 2014లో, అదే దేశం ఇంకో పని చేయాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో వండి ప్యాక్ చేసిన కూరలను వేడిచేసి పెట్టే హోటళ్లు పెరిగిపోయాయి కాబట్టి, పచ్చి సరుకుతో తమ వంటింట్లోనే వండినవాటికి ఇంటి కప్పున్న గిన్నె బొమ్మ గుర్తు వేసుకోవాలని చట్టం తెచ్చింది. వండి పెట్టే చోట 'ఇక్కడే వండాం' అని గుర్తు వేసి చెప్పుకోవాల్సిన రోజు వచ్చిందంటే, పూటకూళ్లమ్మ చేసిన పని ఎంత విలువైనదో ప్రభుత్వానికి కూడా అర్థమైందన్నమాట. వంటకాన్ని పుస్తకంలో రాసి దాచవచ్చు. మట్టిపాత్రను మ్యూజియంలో పెట్టవచ్చు. రోజూ పొద్దున్నే లేచి, ముక్కూ మొహం తెలియని బాటసారి కోసం అదే కూరను మళ్లీ శ్రద్ధగా వండే మనిషి లేకపోతే మాత్రం ఆ వంటకం బతకదు.

మీలో ఎవరైనా చదువుకో, ఉద్యోగానికో, విహారానికో ఫ్రాన్సు వెళితే ఒక చిన్న సలహా. నాలుగు భాషల్లో, ఫోటోలతో, డెబ్బై వంటకాలున్న పట్టిక కనిపిస్తే ముందుకు సాగిపోండి. గుమ్మం దగ్గర పలక మీద సుద్దముక్కతో ఆ పూట వంట రాసి ఉన్న చోటు వెతకండి. మూడో నాలుగో పేర్లకు మించి ఉండవు. మాంసం తినని వాళ్లయితే సంకోచం లేకుండా ముందే చెప్పండి. ఓబ్రాక్ కొండల్లో బంగాళాదుంప ముద్దలో తాజా జున్ను కలిపి తాళ్లలా సాగదీసే ఆలిగో దొరుకుతుంది, బ్రిటనీలో నల్ల గోధుమ అట్లు దొరుకుతాయి. లోపలికి వెళ్లి, ఈ ఊరి వంట ఏమిటని అడగండి. జవాబు చెప్పేవాళ్ల కళ్లు వెలిగితే కూర్చోండి. మీరు సరైన ఇంటికే వచ్చినట్టు.